కుడితి గోలెం

కూర్మారావు ఎవరికీ దణ్ణం పెట్టే మనిషి కాదు. ఊరి బడిలో ఐదు దాకా చదివి, నలభై ఏళ్లు మోటార్లకు వైండింగు చేసి బతికాడు. తీగ సరిగ్గా చుడితే మోటారు తిరుగుతుంది, లేకపోతే కాలిపోతుంది, మధ్యలో దణ్ణం దేనికి అనేవాడు.

అలాంటివాడు ఈ ఏడు దసరాకి పెరట్లోని కుడితి గోలేనికి బొట్టు పెట్టాడు. ఉప్పుగెడ్డ ఊరికి జరిగిన చేటు అక్కడే మొదలయింది. మేలు కూడా అక్కడే మొదలయింది కాబట్టి ఆ గోలెం కథ ముందు చెప్పుకోవాలి.

పన్నెండేళ్ల కిందట ఒక తుపాను రోజు పగటిపూట అతని భార్య సుభద్రకు గుండెల్లో నొప్పి వచ్చింది. రోడ్డు మీద చెట్లు పడ్డాయి. సెల్ టవర్లు మూగబోయాయి. కూతురు హైమ చదువు కోసం ఇంట్లో పెట్టించిన కంప్యూటరూ నెట్టూ మాత్రం పనిచేస్తున్నాయి. పట్నం డాక్టరు తెర మీద కనపడి, ఇంట్లో ఏ మాత్రలున్నాయో చూపించమన్నాడు. హైమ ఒక్కొక్కటే చూపించింది. "ఆ ఎర్ర అట్ట ఉంది చూడమ్మా, అందులోంచి..." అన్నంత వరకు వినిపించింది. అప్పటికి కరెంటు పోయి ఇరవై నిమిషాలు. నెట్ పెట్టెను మోస్తున్న బ్యాటరీ అక్కడితో అయిపోయింది.

జనరేటరు ఊళ్లో ఒక్కరికే ఉంది. సుభద్ర సొంత అన్న తవిటయ్యకి. అతని రొయ్యల చెరువుకి కూర్మారావు వానలో పరుగెత్తాడు.

"ఒక్క గంటాగు బావా. ఇప్పుడు తీసీస్తే చెరువు చెరువంతా సచ్చిపోద్ది" అన్నాడు తవిటయ్య.

చెల్లెలికి మామూలు గ్యాసు నొప్పి అనుకున్నాడో, ఏమనుకున్నాడో. గంట తర్వాత జనరేటరు వచ్చింది. సుభద్ర అప్పటికి లేదు.

ఆ రోజు నుంచి కూర్మారావు ఆ గుమ్మం తొక్కలేదు. దారిలో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. తవిటయ్య రెండుసార్లు మనుషుల్ని పంపాడు, ఒకసారి తనే వచ్చి వీధిలో నిలబడ్డాడు. తలుపు తెరుచుకోలేదు.

హైమ సూక్ష్మజీవుల చదువు చదివి విశాఖపట్నంలో ఒక లాబొరేటరీలో చేరింది. ఉప్పుమళ్ల అడుగున ఉండే నల్లబురదలో ఆమెకొక జీవి దొరికింది. కంటికి కనపడదు. తిండి పెడితే కరెంటు పుట్టిస్తుంది. ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టు సన్నటి పోగులు అల్లుకుంటాయి, ఆ పోగుల వెంట కరెంటు నడుస్తుంది. గాజు పాత్రలో అయితే చిన్న బల్బు వెలిగింది. పెద్ద స్టీలు ట్యాంకులో వారానికే చచ్చిపోతోంది. ఏడో ట్యాంకు చచ్చిన రోజున తండ్రిని రమ్మంది.

కూర్మారావు చెప్పులు విడిచి లోపలికి వెళ్లి ట్యాంకు చుట్టూ తిరిగాడు. చేత్తో తడిమి చూశాడు.

"ఇనప దాంట్లో పెట్టినావేటే. పగలు కాలిపోద్ది, రాత్రి సల్లబడిపోద్ది. దీనికి తిండేటి పోస్తన్నావు?"

"చక్కెరతో చేసిన మందు నాన్నా. బయటి దేశం నుంచి వస్తుంది."

"పాలేరుకి పాయసం పెట్టినట్టుంది. మట్టి గోలెంలో పెట్టి కుడితి పొయ్యి. పశువు బతికిన తిండికి పురుగు బతకదా?"

లాబొరేటరీలో అందరూ నవ్వారు. హైమ నవ్వలేదు. కుమ్మరి చేత నడుమెత్తు గోలెం చేయించి, బొగ్గు పలకలు దింపి, నల్లబురద నింపి, బియ్యం కడుగు, గంజి, కూరగాయ తొక్కలు వేసి ఉప్పుగెడ్డలో తండ్రి పెరట్లో పెట్టింది. పోగులు అల్లుకోవడానికి నలభై రోజులు పట్టింది. నలభై ఒకటో రోజున కూర్మారావు నెట్ పెట్టె, కంప్యూటరు, ఒక దీపం దానికి తగిలించి మెయిన్ ఆఫ్ చేశాడు. మూడూ నడిచాయి. రాత్రి నడిచాయి, తెల్లారాక నడిచాయి, వారమంతా నడిచాయి.

"ఇదీ వైండింగే" అన్నాడు కూతురితో. అంతకంటే మెచ్చుకోవడం అతనికి రాదు.

గోలేనికి రెండే నియమాలు. కదపకూడదు, కదిపితే పోగులు తెగిపోతాయి. కుడితి మానకూడదు. ఇక కొత్త గోలెం కావాలంటే పాలకు తోడు వేసినట్టే. బతికున్న గోలెంలోంచి చెంబుడు బురద తీసి కొత్తదాంట్లో కలిపితే చాలు.

రెండేళ్లలో నలభై ఇళ్లకు తోడు వెళ్లింది. కూర్మారావు కాదనకుండా ఇచ్చాడు. ఒక్క ఇంటికి మాత్రం ఇవ్వద్దని కూతురికి గట్టిగా చెప్పాడు. హైమ అవుననలేదు, కాదనలేదు.

పోయిన వేసవిలో మూడు రోజులు కరెంటు లేకపోతే, ఉప్పుగెడ్డలో పిల్లలు కంప్యూటర్ల ముందు పరీక్షలు రాశారు. ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని ఉద్యోగాలు చేసుకున్నారు. నర్సు మోహిని తన ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని, పట్నం డాక్టర్లకు రోగుల్ని చూపిస్తూనే ఉంది. జనం కూర్మారావుకి గుమ్మడికాయలు తెచ్చారు, అరటిగెలలు తెచ్చారు.

"అక్కడ పెట్టి పోండి" అనేవాడు తలెత్తకుండా.

గోలెం ఉండగా ఇవెందుకని ఊరివాళ్లు ఇన్వర్టర్లనీ పాత బ్యాటరీలనీ సామాన్లవాడికి వేసేశారు. నర్సు మోహిని కూడా వేసేసింది. అది మంచిది కాదని హైమ ఒకటి రెండుసార్లు అంది. ఎవరూ పట్టించుకోలేదు. కూర్మారావు కూడా పట్టించుకోలేదు.

దసరా ఇంకా రెండు రోజులుందనగా తవిటయ్య పోయాడు. విశాఖపట్నం నుంచి హైమ వచ్చింది. మేనమామ పోయినందుకు తలస్నానం చేసి బయల్దేరుతూ తండ్రి దగ్గర ఆగింది.

"నాన్నా, అమ్మకి అన్న."

"తెలుసు."

"ఒక్కసారి కనపడి వచ్చేద్దువు గాని."

"గంటాగి వస్తానని సెప్పు."

హైమ ఒక్కతే వెళ్లింది. కూర్మారావు ఆ రోజు చెంబుడు నీళ్లయినా నెత్తిన పోసుకోలేదు.

దసరా నాడు పొద్దున్నే కుడితి పోయడానికి వెళ్లినవాడు గోలెం దగ్గర కాసేపు నిలబడ్డాడు. సుభద్ర ఉన్నన్నాళ్లు ఆయుధ పూజకు అతని వైండింగు మిషనుకు పసుపు రాసి బొట్టు పెట్టేది. పసుపు నీళ్లు చిలకరించేది. అతను విసుక్కునేవాడు. ఆమె పోయాక మిషనుకు బొట్టు లేదు.

ఈ గోలెం పన్నెండేళ్ల కిందటే ఉండి ఉంటే డాక్టరు మాట పూర్తయ్యేది. ఆ ఆలోచన వచ్చాక కాళ్లు వాటంతటవే వంటింట్లోకి నడిచాయి. పసుపు డబ్బా తెచ్చాడు. గోలెం అంచుకు దట్టంగా రాశాడు, నాలుగు బొట్లు పెట్టాడు. చెంబులో పసుపు కలిపి, చిలకరించడం చేతకాక, మొత్తం లోపల పోసేశాడు.

గోడ అవతల నుంచి రమణమ్మ చూసింది. నలభై ఏళ్లుగా పక్కింట్లో ఉంటున్న మనిషి. ఆమె పనులన్నీ వదిలి వీధిలోకి వచ్చేసింది.

"కూర్మయ్య బాబే గోలేనికి పూజ సేసినాడే. పసుపు నీళ్లు పోసినాడు, నా కళ్లతో సూసినాను. మనమేటి సేస్తన్నాం కూకొని?"

మధ్యాహ్నానికి ఊళ్లో ప్రతి గోలెంలో పసుపు పడింది. కొందరు చెంబుతో, కొందరు బిందెతో పోశారు. అన్నం పెట్టే తల్లి అని హారతులిచ్చారు. ఇంత మేలు చేసినదానికి ఒక్క పూజయినా చేయలేదని ఊరికి ఎప్పటినుంచో బాధగా ఉంది, ఆ రోజుకి తీరింది.

నాలుగో రోజు తుపాను వచ్చింది. తెల్లవారుజామున కరెంటు పోయింది, రోడ్డు మీద చెట్లు పడ్డాయి, సెల్ టవర్లు మళ్లీ మూగబోయాయి. ఎవరూ బెదరలేదు. ఎనిమిది గంటలకు కూర్మారావు ఇంట్లో నెట్ పెట్టె దీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. గాలివాన కొంచెం తెరిపిచ్చేసరికి గోడల మీదుగా మాటలు మొదలయ్యాయి.

"అప్పా, మీ గోలెం వొస్తందా?"

"లేదే. మాది తెల్లారే పోనాది. మీదీ?"

"మాదీ పోనాదే."

హైమ ఆ వానలోనే పెరట్లోకి పరుగెత్తి గోలెం మూత తీసింది. బతికున్న గోలెం పులిసిన కుడితి వాసన వేస్తుంది. ఇది ఏ వాసనా వేయడం లేదు. వేళ్లతో బురద తీసి రుద్దింది. పోగులు లేవు. తీగలు ఊడాయేమోనని గోలేనికీ గోడకీ మధ్య చేయి పెట్టింది.

వరద నీళ్లకు కొట్టుకొచ్చిన తాచుపాము అక్కడ చుట్ట చుట్టుకుని ఉంది.

హైమ కేక విని కూర్మారావు వచ్చేసరికి ఆమె మణికట్టు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. రెండు చుక్కలు. అతను ఆమెను ఎత్తుకుని వీధి చివర నర్సు మోహిని ఇంటికి పరుగెత్తాడు. అరవై ఏడేళ్ల మనిషి.

మోహిని ఇంట్లో పాము మందు సీసాలు ఉన్నాయి. ఎక్కించే సెలైన్లు ఉన్నాయి. ఆమె మాత్రం సీసా మూత తీయలేదు.

"ఈ మందు ఒక్కోసారి తిరగబడద్ది బాబూ. గొంతు మూసుకుపోద్ది. అప్పుడు వేరే ఇంజెక్షను ఎంత ఇవ్వాలో, శ్వాస ఆగితే ఏటి సెయ్యాలో డాక్టరమ్మ సూసి సెప్పాలి. నేనొక్కర్తినీ ఎప్పుడూ సెయ్యలేదు. కంప్యూటరుంది, నెట్టు లేదు. నా గోలెం పొద్దున్నే ఆరిపోనాది."

హైమ కళ్లు అప్పటికే బరువెక్కుతున్నాయి. తండ్రిని దగ్గరికి రమ్మంది.

"నాన్నా, గోలెం అంచుకి పసుపుంది. లోపల కూడా పోశావా?"

"పోసినాను."

"పుండుకి పసుపు ఎందుకు పెడతాం?"

అతనికి అర్థమయింది. పుండులో పురుగు చావడానికి. మెచ్చుకోవడం చేతకానివాడు జీవితంలో ఒక్కసారి మెచ్చుకుంటే ఇలా తగలడింది.

"ఊరంతా పోసినారమ్మా. నన్ను సూసి పోసినారు."

"ఒకటి ఉంటుంది." ఆమె మాట ముద్దగా వస్తోంది. "మావయ్య ఇంట్లో. నేనే ఇచ్చాను తోడు. రెండేళ్లయింది. నీకు చెప్పలేదు. వాళ్లకి మైల కదా, పండగ చెయ్యలేదు."

కూర్మారావు ఒక్క క్షణం నిలబడ్డాడు. ఆ క్షణాన్ని తర్వాత ఎన్నోసార్లు తలుచుకుని సిగ్గుపడ్డాడు. తర్వాత మడతమంచం తెచ్చి హైమను పడుకోబెట్టాడు. అతను ఒక కోడు, ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లు మిగతా మూడూ పట్టుకున్నారు. మోహిని కంప్యూటరునీ గుండె మిషనునీ మందుల పెట్టెనీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుంది.

"మైలింట్లోకా బాబూ? పదోరోజైనా అవలేదు" అంది రమణమ్మ వెనకాల నడుస్తూనే.

అతను నడక పెంచాడు.

తవిటయ్య భార్య గౌరమ్మ అరుగు మీద ఉంది. బొట్టు లేని ముఖంతో ఆమెను చూడడం అతనికి అదే మొదటిసారి. మంచాన్ని చూసింది, మంచం మోస్తున్న మనిషిని చూసింది. లేచి తలుపు రెండు రెక్కలూ తెరిచింది.

నట్టింట్లో ఓ మూల తవిటయ్య కోసం పెట్టిన దీపం వెలుగుతోంది. పక్కన నెట్ పెట్టె పచ్చగా మెరుస్తోంది.

మోహిని కంప్యూటరు పెట్టింది. గుండె లెక్క చూపించే మిషను తగిలించింది. నెట్ పెట్టె దీపం సన్నగిల్లి ఎర్రబడింది. ఒక్క గోలెం మోయగలిగిన బరువు కాదు అది. అప్పటికే దాని మీద ఇంకో పెట్టె నడుస్తోంది. మూడు మైళ్ల అవతల చెరువులో నీళ్లకి గాలి ఎంతుందో చూసి, తగ్గితే అక్కడి జనరేటరు మోటార్లను ఇక్కణ్ణుంచే తిప్పే పెట్టె. తండ్రికి కర్మ చేస్తున్న కొడుకు శ్రీధర్ ఊరి పొలిమేర దాటకూడదు గనక ఆ రోజులన్నీ చెరువును ఆ పెట్టే కాస్తోంది.

గౌరమ్మ వంగి చెరువు తీగ పట్టుకుంది.

"అమ్మా, రొయ్యల పట్టుబడి ఇంకో వారంలో ఉంది" అన్నాడు శ్రీధర్. "మబ్బు పట్టినప్పుడే నీళ్లలో గాలి తగ్గేది. గంటాగితే ఇంకో తీగ..."

"మీ నాన్నా అదే అన్నాడు" అంది గౌరమ్మ. తీగ పీకేసింది.

నెట్ పెట్టె మళ్లీ పచ్చబడింది. తెర మీద ఒక డాక్టరమ్మ కనిపించింది. మోహిని సీసా మూత తీసింది. ఎన్ని సీసాలు, ఎంత మెల్లగా, ఎడమచేతికా కుడిచేతికా అన్నీ తెర లోంచి వస్తున్నాయి, ఆమె చేస్తోంది.

కూర్మారావుకు ఆ గదిలో పని లేదు. పెరట్లోకి వెళ్లి గోలెం ముందు కూలబడ్డాడు. పులిసిన కుడితి వాసన వస్తోంది. ఆ వాసన అంత బాగుంటుందని అతనికి ఎన్నడూ తెలియదు. గౌరమ్మ గంజి గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఇంట్లో కుడితి సాలదని అన్నం వండినాను. గంజి పోస్తే ఎక్కువ సేపొస్తాది కదా అన్నియ్యా."

అతను గిన్నె అందుకుని కొంచెం కొంచెంగా పోశాడు.

"ఆయన రోజూ పొద్దున్నే తనే పోసీవాడు" అంది ఆమె నిలబడే. "నన్ను ముట్టనిచ్చేవాడు కాడు. జొరం వొచ్చినా లేచి వొచ్చీవాడు. ఇదారిపోతే బావ మళ్లీ వానలో పరుగెట్టుకొస్తాడు అనీవాడు. ఈ పొద్దు మా ఇంటికి అదే నిజమయింది. పోయిన రోజు పొద్దున కూడా పోసినాడు."

కూర్మారావు గిన్నె అడుగున మిగిలిన గంజి కూడా గోలెంలో పోశాడు.

లోపల మోహిని గొంతు పెరిగింది. రెండో సీసాకి మందు తిరగబడింది. హైమ ఒంటి మీద దద్దుర్లు లేచాయి, శ్వాస ఈల వేస్తోంది. కూర్మారావు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. డాక్టరమ్మ నోరు తెరిచింది. పన్నెండేళ్ల కిందట తెర ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే. అతను నెట్ పెట్టె దీపం వైపే చూస్తున్నాడు.

"ఎర్ర మూత సీసా తియ్యండి సిస్టర్. అర మిల్లీలీటరు. తొడకి ఇవ్వండి. ఇప్పుడే." మాట మొదలయింది, నడిచింది, పూర్తయింది. దీపం పచ్చగానే ఉంది.

మధ్యాహ్నం మూడు గంటలకు హైమ రెప్పలు వాటంతటవే లేచాయి. డాక్టరమ్మ ఇక భయం లేదంది. కూర్మారావు ఆ తెరకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. తెర మంచం వైపు తిరిగి ఉంది కాబట్టి ఆవిడకు కనిపించలేదు. హైమ చూసింది, చూడనట్టు కళ్లు మూసుకుంది.

మర్నాడు రోడ్డు తెరిచాక ఆమెను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూడో రోజుకు లేచి కూర్చుని, గోలెం పక్కన ఇంటికో బ్యాటరీ ఉండి తీరాలని తండ్రికి ఫోనులో చెప్పింది. ఈసారి అతను విన్నాడు. ఊరికి చెప్పే పని కూడా తనే పెట్టుకున్నాడు.

"తప్పు నాది" అని గుమ్మం గుమ్మానికీ చెప్పాడు. "పసుపు మొదట పోసింది నేను. గోలెం కడిగీండి. కొత్త బురద నింపండి."

ఎవరూ తిట్టలేదు. రమణమ్మ మాత్రం, "నువ్వు బొట్టు పెడితే ఎలగుంటాదో సూసినాం గదా బాబూ, ఇంకెప్పుడూ పెట్టకు" అంది. చాలా ఏళ్ల తర్వాత అతని పెదవి ఒక పక్కకు కదిలింది.

గౌరమ్మ చెరువులో రొయ్యలన్నీ వెల్లకిలా తేలాయి. కూర్మారావు గట్టు మీద నిలబడి చూసి వచ్చాడు. అవి అలా తేలుతుంటే తన కూతురు ఊపిరి పీల్చుకుంటోంది. తవిటయ్యను క్షమించాడని చెప్పలేం. అది అంత తేలిగ్గా అయ్యే పని కాదు, అతను అలాంటి మనిషీ కాదు. కానీ ఆ రోజు అదే గట్టు మీద నిలబడి గంటాగమన్న మనిషి, ఆ తర్వాత పన్నెండేళ్లు ఎలా బతికి ఉంటాడో మొదటిసారి ఆలోచించాడు.

గోలేలు సిద్ధమయ్యాయి. తోడు మాత్రం ఊరంతటికీ ఒక్క ఇంట్లోనే ఉంది. మైల తీరలేదు. మైలింటి నుంచి ఏదీ తెచ్చుకోకూడదని ఆడవాళ్లు చెంబులు పట్టుకుని వీధిలోనే ఆగిపోయారు. కూర్మారావు వాళ్లను దాటుకుని లోపలికి వెళ్లాడు. గౌరమ్మ చెంబు నిండా బురద తీసి ఇచ్చింది. అతను తీసుకుని బయటికి వచ్చాక మిగతావాళ్లు ఒక్కొక్కరే లోపలికి కదిలారు.

గుమ్మం దిగబోతూ అతను వెనక్కి తిరిగాడు.

"రేపు మళ్లీ వొస్తాను చెల్లీ."

"సావింట్లో అలగనకూడదు అన్నియ్యా" అంది గౌరమ్మ కంగారుగా. "సెప్పకుండా ఎల్లిపోవాలి."

"తెలుసు. రోజూ పొద్దున్న ఈ గోలేనికి కుడితి పోసే మనిషి లేడు గదా. నేను పోస్తాను."

మర్నాడు ఇంకా వీధి లేవకముందే బకెట్టు పట్టుకుని వచ్చాడు. గౌరమ్మ తలుపు తెరిచే ఉంచింది.